తువ్వాలు కింద రెండు వేళ్లు

నా కుడి చెయ్యి ఒకసారి అబద్ధం చెప్పింది. నోరు చెప్పిన అబద్ధాలకు లెక్క లేదు. వకీలు నోరు కదా, వాటి గురించి నాకు పెద్ద బెంగ కూడా లేదు. ఈ చెయ్యి చెప్పినదాన్ని మాత్రం ఇన్నేళ్లుగా మోస్తూనే ఉన్నాను. పెళ్లాంతో చెప్పలేదు. కన్నబిడ్డలతో చెప్పలేదు. ఏ జడ్జీ ముందూ గొంతు వణకని మనిషిని, ఈ ఒక్క సంగతి నాలుక చివరికి వచ్చిన ప్రతిసారీ మింగేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పడం కాస్త సులువు.

నా పేరు అడగకండి. ఆదోనివాణ్ణి. పత్తి అడితి వ్యాపారం, అంటే రైతుల పత్తిని కమీషన్ మీద అమ్మిపెట్టే వ్యాపారం, చేసే ఇంట్లో పుట్టాను, వకీలుగా బతికాను. మంచి వకీలునే. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడను. తప్పు ఒప్పుకునేవాడు వినయం కూడా నటించాలని ఏ చట్టంలోనూ లేదు.

ఇప్పుడు లా కాలేజీ ప్రవేశ పరీక్షకు చదివే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఎట్లా చదవాలి తాతా అని అడుగుతారు. దాపరికం లేకుండా చెప్తాను. బట్టీ పట్టకండి, బట్టీ పట్టినవాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. రోజూ పేపర్లో సంపాదకీయం చదివి, పేపరు మడిచి పక్కనపెట్టి, అందులో ఉన్నదంతా నాలుగో వంతు మాటల్లో పైకి చెప్పండి. కోర్టుకు పోయి వెనక బెంచీలో కూర్చోండి. ఏ తగాదా ఎదురైనా ముందు ఎదుటివాడి పక్షాన వాదించండి. వాడు స్వయంగా చెప్పుకున్నా అంత బాగా చెప్పుకోలేడు అనిపించాలి. ఆ తర్వాతే మీ పక్షం ఎత్తుకోండి. పిల్లలు శ్రద్ధగా వింటారు. కొందరికి సీట్లు వస్తాయి. మిఠాయి డబ్బా తెచ్చి కాళ్లకు దండం పెట్టి, మీ పద్ధతి గొప్పది తాతా అంటారు. నేను మిఠాయి తీసుకుంటాను.

ఆ పద్ధతి నాది కాదు. దేవదానానిది.

దేవదానం ఊరు ఎమ్మిగనూరు అవతల, నందవరం వైపు ఒక పల్లె. ఊరికి దూరంగా ఉన్న పేటలో వాళ్ల ఇల్లు. తల్లీతండ్రీ కూలి చేసుకునే క్రైస్తవులు. అతను మిషన్ బడిలో చదివి పైకొచ్చాడు. అనంతపురంలో బి.ఏ. చదివేటప్పుడు మేమిద్దరం ఒకే బెంచీ. సెలవుల్లో నేను మా మండీలో గద్దె మీద దిండుకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. అతను పత్తి ఏరడానికి కూలికి పోయేవాడు. ఏరి ఏరి అతని వేళ్ల చివర్లు పత్తికాయ ముళ్లకు గీరుకుపోయి ఉండేవి. సెలవులయ్యాక తిరిగి వస్తే కొన్నాళ్లు కలం పట్టుకోవడానికి ఇబ్బందిపడేవాడు.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయింది. ఇంక మనవాళ్లకు ఎక్కడ చూసినా ఉద్యోగాలే, కోర్టులే అని అందరూ అనుకుంటున్న రోజులు. ఇద్దరం లా చదువుకు అర్జీ పెట్టాం. ఆ ఏడు అర్జీలు ఎక్కువై, కాలేజీవాళ్లు పరీక్ష పెట్టి ఏరుకుంటామన్నారు. ముందు రాతపరీక్ష. తర్వాత ముగ్గురు పెద్దల ముందు నిలబడి, వాళ్లిచ్చిన తగాదాలో ఒక పక్షం తీసుకుని వాదించాలి. కాలేజీ పేరు చెప్పను. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఆ ఎండాకాలమంతా మా నాయన మండీలోనే చదివాం. దేవదానం పొద్దున ఎమ్మిగనూరులో బస్సెక్కి వచ్చేవాడు, సాయంత్రం పోయేవాడు. మా ఇంట్లో ఎందుకు చదవలేదంటారా? మా ఇంటి గడప అతను తొక్కకూడదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం రాకుండా అతనే మొదటిరోజు మండీ దగ్గర దిగి, పత్తి బోరాల పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. నాకు హాయిగా అనిపించింది. ఇదీ చెప్పాలి కదా. ఆ హాయి కూడా లెక్కలోకి వస్తుంది.

మండీలో చదవడం ఒకరకంగా మంచిదే అయింది. అక్కడ రోజూ తగాదాలే. పుస్తకంలో ఉన్న కేసులు చాలక, బజారులో పుట్టిన కేసులు ఎత్తుకుని మేం వాదించుకునేవాళ్లం. నేను రైతు తరఫు, అతను కొనేవాడి తరఫు. కాసేపయ్యాక పక్షాలు మార్చుకునేవాళ్లం. నేను అరిచేవాణ్ణి. నాకు గొంతుంది, చెయ్యి తిప్పడం తెలుసు, పక్క అంగళ్ల గుమస్తాలు కూడా పని వదిలి వినడానికి వచ్చేవాళ్లు. దేవదానం మెల్లగా మొదలుపెట్టేవాడు. మొదలుపెట్టడమే, ఎదుటాయన చెప్పిందాంట్లో ఇంత న్యాయముంది అని మొదలుపెట్టేవాడు. నా మాటలే నాకంటే బాగా చెప్పేవాడు. నేను మరిచిపోయినవి కూడా చేర్చేవాడు. తర్వాత ఒక్కటే మాట అడిగేవాడు. దానితో నా వాదం కూర్చుండిపోయేది.

ఒకరోజు మాధవరం వైపు నుంచి ఒక రైతు బండిలో పత్తి తెచ్చాడు. కొనేవాడు చెయ్యి పెట్టి చూసి, తూకం పెరగాలని నీళ్లు చల్లినావు పో అన్నాడు. రాత్రి ఏటి ఒడ్డున బండి నిలిపినాను, మంచుకు తడిసింది అని రైతు. ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. మా నాయనకు సరదా పుట్టి, మీరు వకీళ్లు కదా, చెప్పండప్పా అన్నాడు. నేను రైతు తరఫున లేచి, పేదవాడి కష్టం, వాడి చెమట అంటూ దంచేశాను. చప్పట్లు కూడా పడ్డాయి. దేవదానం లేచి, రైతు చెప్పింది నిజమే కావచ్చన్నాడు. ఎండాకాలమైనా ఏటి ఒడ్డున మంచు దిగుతుంది, పత్తి మంచును తాగుతుంది, ఇందులో అబద్ధమేమీ లేదన్నాడు. అయితే మంచు పైనుంచి పడుతుంది. నీళ్లు చల్లేవాడు కనబడకుండా నడుమ చల్లుతాడు. బోరా విప్పి చూడండి, పైన తడి ఉంటే రైతు గెలిచినట్టు, నడుమ తడి ఉంటే కొనేవాడు గెలిచినట్టు. విప్పారు. నడుమ తడిసి ఉంది. రైతు తల దించుకున్నాడు. అప్పుడు దేవదానం ఎవరూ అడగకుండానే కొనేవాడి వైపు తిరిగి, తడిసినంత తూకం తగ్గించుకోండి, బండిని వెనక్కి పంపొద్దు, వాన ముందు ఈయన ఇత్తనాలు కొనుక్కోవాలి అని బతిమాలాడు. ఆ మాటా చెల్లింది.

మా నాయన నా వైపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. మనసులో ఉన్నది అనేసే మనిషి.

"ఆ పిల్లోడు వకీలురా. నువ్వు దలాలివి. నీ నోటికి మన అంగడే సరిపోతాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వినప్పుడే నాలో ఏదో పాడైపోయింది. పరీక్ష తప్పితే ఈ దూదిపొట్టులో, ఈ గద్దె మీద, ఈ తూకాల మధ్య నా బతుకు తెల్లారిపోతుందని నాకు భయం పట్టుకుంది. మన జిల్లావాళ్లలో ఒక్కడికే సీటు దొరుకుతుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు. ఆ మాట నమ్మాలనుకున్నాను, నమ్మాను. ఆ ఒక్కడూ దేవదానమే అవుతాడని నాకు రూఢిగా తెలుసు.

అతనికి ఆ సీటు ఎందుకు కావాలో కూడా నాకు బాగా తెలుసు. వాళ్ల పేట ఉన్న నేల తనదని ఊళ్లో భూస్వామి దావా వేశాడు. తాతల నాటి నుంచి వాళ్ల గుడిసెలు అక్కడే ఉన్నాయి. పట్టా లేదు. ఆదోనిలో పేరున్న వకీళ్లంతా భూస్వామికి కావలసినవాళ్లే. పేటవాళ్లకు దొరికింది, కాగితాలు కూడా సరిగా చదవని ఒక వకీలు. కింద కోర్టులో ఓడినా పైకోర్టుకు పోయేలోపు నేను నల్లకోటు వేసుకుంటానప్పా అనేవాడు దేవదానం. మా కేసులో భూస్వామి పక్షం నాకు నోటికి వచ్చు, ముందు అది చెప్పి తర్వాత మాది చెప్తే జడ్జీ వింటాడు అనేవాడు. నడుస్తూ చెప్పేవాడు, బస్సు కోసం నిలబడి చెప్పేవాడు. అతనికి లా చదువంటే ఆ గుడిసెలే.

తెలిసే చేశాను. ఇది గుర్తుపెట్టుకోండి.

ముందు నోటితో మొదలుపెట్టాను. నువ్వు ఎదుటివాడి న్యాయం ఒప్పుకుంటావు, అది వకీలు లక్షణం కాదన్నాను. పెద్దల ముందు అట్లా మాట్లాడితే వీడికి తన కేసు మీదే నమ్మకం లేదనుకుంటారన్నాను. ఒక్క అంగుళం కూడా ఒప్పుకోవద్దు, గొంతు పెంచు, అడిగినకొద్దీ గట్టిగా కాదను అన్నాను. అతను నవ్వి ఊరుకునేవాడు. చివరికి చేతికందిన కత్తి తీశాను. మీ పేటవాళ్లు భూస్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడతారు చూడు, నీ వాదంలో ఆ నిలబడడం కనబడుతుంది అన్నాను. అతని ముఖం మారింది. ఆ రోజు ఇంక వాదించలేదు. త్వరగా బస్సుకు పోయాడు.

ఇప్పుడు తువ్వాలు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసింది మీకు చిన్నదిగా కనిపిస్తుంది.

మా పత్తి బజారులో బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ దలాలీ ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు. పైన నోళ్లు ఊరుకోవు. ఈ పత్తి దిండుకు కూడా పనికిరాదని ఒకడు, నీ మొహానికి ఇదే ఎక్కువని ఒకడు, చుట్టూ ఉన్నవాళ్లను తప్పుదోవ పట్టించడానికి ఎంత అబద్ధమైనా ఆడతారు. అది తప్పు కాదు, అది బజారు సరదా. వేలు చెప్పిందే మాట. దానికి కాగితం లేదు, సాక్షి లేడు. అందుకే తువ్వాలు కింద ఎవరూ అబద్ధమాడరు. ఆడినవాణ్ణి చెయ్యి సచ్చినోడు అంటారు. వాడి చెయ్యి ఇంక ఏ బజారులోనూ ఎవరూ పట్టరు. మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే, అక్షరాలు ఆ తర్వాత.

దేవదానం పేటవాళ్లు ఎకరాలకెకరాలు పత్తి ఏరినా, వాళ్ల చెయ్యి ఎప్పుడూ ఆ తువ్వాలు కిందికి రాలేదు. అమ్మడానికి వాళ్లకు పత్తి లేదు, ఉన్నా వాళ్ల చెయ్యి పట్టే దలాలీ లేడు. ఆ ఎండాకాలం మొదట్లో నేనే సరదాగా మా నాయన తువ్వాలు తీసి, రా దానం అని అతని చెయ్యి పట్టుకుని అంకెలు నేర్పించాను. చుట్టూ ఉన్నవాళ్లు బేరాలాపి చూశారు. నేను లెక్కచేయలేదు. అప్పుడు నన్ను చూసుకుని నాకే గర్వమేసింది. అతను మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాక చాలాసేపు ఆ చేతినే చూసుకున్నాడు. ఆ రోజు నేను మంచివాణ్ణే. నటన కాదు. అదే చెయ్యి కదా అని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నామీద అసహ్యం వేస్తుంది.

పరీక్షకు బయల్దేరే రోజు వచ్చింది. బండి సాయంత్రం. మధ్యాహ్నం మండీ నిండా జనం. దేవదానం ట్రంకుపెట్టె గోడవారన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. మా నాయన తువ్వాలు కొక్కేనికి ఉంటే తీసి నా చేతికిచ్చాడు.

"అప్పా, ఒక మాట అడగల్ల నిన్ను. నోటితో సెప్పొద్దు. నోటితో అయితే నువ్వు ఎగతాళి సేస్తావు, నేను నవ్వి ఊరుకుంటా. దీని కింద సెప్పు."

"ఏందిరా అది?"

"ఆ పెద్దోళ్ల ముందర నేను నా మాదిరి వాదించల్లనా, నువ్వు సెప్పిన మాదిరి వాదించల్లనా? ఇన్నాళ్లు ఆలోసన సేసినా, నాకు తెగలే. నా మాదిరే మంచిదైతే ఒక వేలు పట్టు. నీ మాదిరి మంచిదైతే రెండు పట్టు. యాది పడితే అదే సేస్తా. మళ్ల అడగను."

చేతులు కలిపాం. తువ్వాలు కప్పాను. పక్కనున్న దలాలి ఒకాయన, ఏం సరుకప్పా, ఏం బేరం అని అరిచాడు. వకీలు సరుకు, పుచ్చు సరుకు అని నేను తిరిగి అరిచాను. జనం నవ్వారు. దేవదానం కూడా నవ్వాడు. నోళ్లు అట్లా ఆడుకుంటుంటే లోపల అతని చెయ్యి నా చేతిలో కదలకుండా ఉంది. గీరుకుపోయిన వేళ్ల చివర్లు తగిలాయి. ఒక వేలు పట్టాలి. అది నాకు తెలుసు. నా జీవితంలో ఏ తీర్పూ అంత స్పష్టంగా నాకు తెలియలేదు. అయినా ఆ క్షణంలో నా మనసు ఎంత నెమ్మదిగా ఉందో చెప్తే మీరు నమ్మరు. చెమట లేదు, వణుకు లేదు.

రెండు వేళ్లు పట్టాను. గట్టిగా నొక్కాను కూడా, సందేహం మిగలకూడదని.

"సరేప్పా," అన్నాడు. "సెయ్యి సెప్పినాక ఇంగేముంది."

తువ్వాలు మడిచి కొక్కేనికి తగిలించాడు.

రాతపరీక్ష ఇద్దరం బాగానే రాశాం. తర్వాత పెద్దల ముందుకు అతన్ని ముందు పిలిచారు. అన్నదమ్ముల బావి తగాదా ఇచ్చారట. అతనిది అన్న పక్షం. తమ్ముడు చెప్పుకోవడానికి ఏమీ లేదా అని ఒక పెద్దాయన అడిగాడట. ఏమీ లేదు అన్నాడట దేవదానం. ఆయన కళ్లద్దాలు తీసి మళ్లీ అడిగాడట, నీళ్లు లేకపోతే తమ్ముడి చేను ఎండిపోదా అని. అది ఈ కేసుకు సంబంధం లేదని గొంతు పెంచి చెప్పాడట. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారట. ఇదంతా తిరుగు ప్రయాణంలో రైల్లో అతనే చెప్పాడు. చెప్తూ, నువ్వు చెప్పినట్టే చేసినానప్పా, ఒక్క మాట కూడా ఒప్పుకోలేదు అన్నాడు. గుంతకల్లులో బండి ఆగితే నేను దిగి అతనికి కాఫీ తెచ్చిచ్చాను. అదొక్కటే నాకు తోచింది.

నా వంతు ఎట్లా నడిచిందో అతను అడిగాడు. బాగానే నడిచింది అన్నాను. ఇంతకంటే చెప్పలేదు. నాకిచ్చింది అరువు తెచ్చుకున్న ఎద్దు దున్నుతుండగా చచ్చిపోయిన తగాదా. తెచ్చుకున్నవాడి పక్షం నాది. నేను లేచి నిలబడి, ముందుగా ఎద్దు పోగొట్టుకున్న ఆసామి మాటలో ఎంత న్యాయముందో చెప్తానని మొదలుపెట్టాను. మెల్లగా చెప్పాను. దేవదానం ఎక్కడ ఆగుతాడో అక్కడ ఆగాను. అతను చేతులు ఎట్లా పెట్టుకుంటాడో అట్లాగే పెట్టుకున్నాను. కళ్లద్దాల పెద్దాయన ముందుకు వంగి విన్నాడు. బయటికి వచ్చేటప్పుడు, ఎక్కడ నేర్చుకున్నావు అబ్బాయీ అని అడిగాడు. మా మండీలో అన్నాను. చూడండి, అక్కడ కూడా పూర్తి అబద్ధం చెప్పలేదు!

నాకు సీటు వచ్చింది. అతనికి రాలేదు. నన్ను మెచ్చుకోవడానికి ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు, నిజంగా సంతోషించాడు, మా నాయనతో మీ కొడుకు వకీలే అయినాడు చూసినావా అన్నాడు. నాయన నన్నొకసారి చూసి, తూకం దగ్గరికి పోయాడు.

కాలేజీలో చేరాక తెలిసింది. మన జిల్లాకు ఒక్కటే సీటన్నది ఉత్త మాట. ఏరుకున్నవాళ్లలో ఎవరో రాలేదు, ఆ చోటుకు సరిపోయినవాడు దొరకలేదట. ఆ ఏడంతా నా పక్కన బెంచీలో ఒక చోటు ఖాళీగానే ఉండిపోయింది. నేను రోజూ నా పుస్తకాలు అక్కడ పెట్టుకునేవాణ్ణి.

పేట కేసు ఓడిపోయింది. పైకోర్టుకు పోవాలన్న ధైర్యం, దారి చూపే మనిషి, రెండూ వాళ్లకు లేకపోయాయి. నేను సెలవులకు వచ్చినప్పుడు బస్టాండులో దేవదానం కనిపించి, "పేట ఎత్తేసినారప్పా" అన్నాడు. వాసాలు, తడికలు ఎవరివి వాళ్లే నెత్తిన పెట్టుకుని వంక గట్టు మీదికి పోయారట. వాన పడితే ఆ గట్టు మీదికి నీళ్లు వస్తాయి. అతను ఎమ్మిగనూరులో బడిపంతులుగా చేరాడు. బతికినంత కాలం పిల్లలకు చదువు చెప్పాడు, చెప్పి ఊరుకున్నాడు.

వకీలును కదా, నా తరఫున నేను ఎన్నోసార్లు వాదించుకున్నాను. రాతపరీక్షలోనే అతనికి తక్కువ మార్కులు వచ్చాయేమో? కావచ్చు. అతను వకీలైనా కేసు ఓడిపోయేదేమో? కావచ్చు. పిల్లతనం, నాయన అన్న మాట, భయం? అన్నీ నిజమే. ఒక్కటీ నిలబడదు. ఎందుకంటే ఆ పూట నన్ను అడిగింది ఇవేవీ కాదు. ఏది మంచిది అని అతను అడిగాడు. నాకు తెలుసు. తెలిసి రెండోది పట్టాను. అతని స్థానంలో మా కులపువాడు ఎవడైనా ఉంటే పట్టేవాణ్ణా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి పోయి ఏదో పని పెట్టుకుంటాను. ఇప్పుడు లేవను. పట్టేవాణ్ణి కాదు. అట్లా పడితే బజారులో నా చెయ్యి పోతుందన్న భయం ఉండేది. దేవదానం చెప్పుకోవడానికి ఏ బజారూ లేదని నాకు లోపల ధైర్యం. ఆ ధైర్యంతోనే నా మనసు అంత నెమ్మదిగా ఉంది.

చాలా ఏళ్ల తర్వాత, ఆదోని కోర్టులో నాకు మంచి పేరు వచ్చాక, ఒకరోజు ఎమ్మిగనూరు నేతగాడు ఒకడి తరఫున వాదనకు లేచాను. ముందుగా ఎదుటి పక్షంవారి మాటలో ఉన్న న్యాయం మనవి చేస్తాను అన్నాను. అది నా పేరుమోసిన మొదలు. గుమస్తాలు కూడా దానికోసం చెవులు రిక్కించేవాళ్లు. అప్పుడు వెనక బెంచీలో దేవదానం కనిపించాడు. తమ బడికి తెలిసినవాడని ఆ నేతగాడికి తోడుగా వచ్చాడట. నేను ఆపలేను కదా, చెప్పుకుంటూ పోయాను. అతను తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. ఎదుటి పక్షం ముగించి, ఆ ఒక్క ప్రశ్న అడిగే చోటికి వచ్చాను. నాకంటే ముందే అతని పెదాలు కదిలాయి.

కేసు గెలిచాను. బయట వరండాలో అతను నిలబడి ఉన్నాడు. నేనే ఎదురుపోయి చెయ్యి చాపాను.

"బాగా సెప్పినావప్పా," అన్నాడు. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. నేతగాడిని వెంటబెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నా చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. పెద్ద వకీలునని మర్యాదగా నమస్కారం పెట్టాడా? లేక చెయ్యి సచ్చినోడి చెయ్యి పట్టకూడదని తెలిసి పెట్టాడా? నాకు తెలియదు. అడగలేదు. ఎమ్మిగనూరు ఎంత దూరమని, పొద్దున బస్సెక్కితే కాఫీ వేళకు చేరొచ్చు. ఇన్నేళ్లూ పోలేదు. ఇప్పుడు పోదామన్నా అతను లేడు. పోయాడని కబురు తెచ్చింది, లా పరీక్షకు ఎట్లా చదవాలని అడగడానికి వచ్చిన అతని బడి పిల్లల్లో ఒకడు. మా పంతులు మిమ్మల్నే అడగమన్నాడు సార్ అన్నాడు. మా పంతులుకు తెలిసిన వకీళ్లలో మీకంటే బాగా ఎదుటివాడి మాట చెప్పేవాడు లేడంట అన్నాడు. నేను ఆ పిల్లవాడికి అంతా నేర్పించాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పలేదు.

అతని పద్ధతి ప్రకారమే ఈ కేసు మీ ముందు పెట్టాను. ముందు దేవదానం పక్షం చెప్పాను. నాకు చేతనైనంత బాగా చెప్పాను. అతను ఉంటే ఇంకా బాగా చెప్పేవాడు, నా మీద జాలిపడి నా తరఫున కూడా రెండు మాటలు చేర్చేవాడు. ఇప్పుడు నా పక్షం చెప్పుకోవాల్సిన వంతు. చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మీరు తీర్పు చెప్పనక్కరలేదు. నేను అడగలేదు. ఇది రాసింది ఆ కుడిచెయ్యే. ఈసారి దానిమీద తువ్వాలు లేదు. అంతవరకు కాస్త తేలికగా ఉంది.